నవల నాటకమగు తీరు: డికెన్సు ‘బ్లీక్ హౌస్’

గడచిన విద్యాసంవత్సరమున తలిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక తండ్రిగారు మా బల్లయొద్దకు వచ్చి, చేతిలోనున్న లావుపాటి పుస్తకమును మా యెదుట నుంచి, “మాస్టరుగారూ, ఈ కథయంతయు టెలివిజనులో ఎనిమిది గంటలలో చూడవచ్చునట గదా. మావాడు చూచినాడు కూడ. ఇక తొమ్మిదివందల పుటలు చదువుమని వానిని మీరేల నిర్బంధించుచున్నారు?” అని యడిగిరి. ఆ పుస్తకము మా పాఠశాల గ్రంథాలయములోనిదే. చార్లెస్ డికెన్సు రచించిన ‘బ్లీక్ హౌస్’. అప్పుడు మేము చెప్పిన సమాధానము వారికెట్లున్నదో కాని, మాకు మాత్రము తృప్తి నీయలేదు. “గ్రంథము గ్రంథమే, నాటకము నాటకమే” యని యేదియో చెప్పి పంపితిమి. అది సమాధానము కాదు, తప్పించుకొనుట. ఆ పిమ్మట వేసవి సెలవులలో నవలను మరల నొకసారి చదివి, నాటకమును మొదటినుండి తుదివఱకు చూచి, రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని పరిశీలించితిమి. ఆ పరిశీలనమున తేలిన సంగతులను ఈ సంచికలో చదువరుల ముందుంచుచున్నాము.

డికెన్సు 1812లో జన్మించి 1870లో మరణించెను. ‘బ్లీక్ హౌస్’ మొదట ఒకే గ్రంథముగా వెలువడలేదు. 1852 మార్చి మొదలు 1853 సెప్టెంబరు వఱకు నెలకొక సంచిక చొప్పున ప్రకటింపబడెను. ఒక్కొక్క సంచికలో ముప్పదిరెండు పుటల కథయు, హాబ్లట్ బ్రౌన్ అను చిత్రకారుడు వ్రాసిన రెండు బొమ్మలును ఉండెడివి. వెల ఒక షిల్లింగు. కడపటి సంచిక మాత్రము జోడు సంచిక. దాని వెల రెండు షిల్లింగులు. ముప్పదివేలకు పైగా ప్రతులు అమ్ముడుపోయెడివి. చదువరులు ఒక నెల కథ చదివి, తరువాతి భాగమునకై నెలదినములు ఎదురు చూచెడివారు. ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

కథను క్లుప్తముగా చెప్పుదము. లండను నగరమున చాన్సరీ న్యాయస్థానములో ఒక వీలునామా విషయమై జార్న్‌డీస్ వారి వ్యాజ్యము తరతరములుగా సాగుచున్నది. దాని నమ్ముకొన్నవారు ముసలివారై మరణించుచున్నారు. తుదకు ఆస్తియంతయు కోర్టు ఖర్చులక్రింద హరించిపోవును. ఇది డికెన్సు కల్పించిన వింత కాదు. ఇరువదియేండ్లుగా నడచుచు డెబ్బదివేల పౌండ్లు వ్యయమైన యొక నిజమైన వ్యాజ్యమును ఆయన తన పీఠికలోనే యుదాహరించెను. ఈ వ్యాజ్యపు నీడలో ఎస్తేరు సమ్మర్సన్ అను దిక్కులేని యువతి, లేడీ డెడ్‌లాక్ అను గొప్పయింటి యిల్లాలు, ఆ యిల్లాలి రహస్యమును వెదకు టల్కింగ్‌హార్న్ అను ప్లీడరు, వీథి దాటుచోట బురద నూడ్చి కాసులు సంపాదించు జో అను బాలుడు, ఇంకను నలువదియేబది మంది కలరు. రహస్యము ఫలానా యని ఇచ్చట చెప్పము. చదువబోవు విద్యార్థులు మమ్ములను నిందింతురు.

ఈ నవలను బి.బి.సి. వారు టెలివిజనునకు మూడుమారులు నాటకముగా మార్చిరి. 1959లో కాన్‌స్టన్స్ కాక్స్ అను ఆమె పదునొకండు భాగములుగను, 1985లో ఆర్థర్ హాప్‌క్రాఫ్ట్ ఎనిమిది భాగములుగను, 2005లో ఆండ్రూ డేవీస్ పదునైదు భాగములుగను వ్రాసిరి. మా బాలుడు చూచినది ఈ మూడవది. డేవీస్ అంతకుముందే 1994లో ‘మిడిల్‌మార్చ్’ను, 1995లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను నాటకములుగా మార్చి ప్రసిద్ధి కెక్కినవాడు. ఆయన పూర్వాశ్రమమున బడిపంతులు. పిమ్మట ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చు కళాశాలలో అధ్యాపకుడు. మా వృత్తివారొకరు ఇంతటి పని చేయగలిగిరని సంతోషించుట తప్పు గాదనుకొందుము.

మొదట లెక్క చూతము. నవలలో సుమారు మూడున్నర లక్షల మాటలున్నవి. నిమిషమునకు నూటయేబది మాటల చొప్పున బిగ్గరగా చదివినచో, ముప్పదియెనిమిది గంటలకు పైగా పట్టును. నాటకమున మొదటి భాగము ఒక గంట, తక్కిన పదునాలుగును అరగంట చొప్పున. మొత్తము ఎనిమిది గంటలు. అనగా అయిదుగంటల గ్రంథములో నాలుగుగంటల పాలు పోవలసినదే. కనుక నాటకకర్త మొదటి పని వ్రాయుట కాదు, తీసివేయుట. ఏది తీసివేసిన ఇల్లు నిలుచునో, ఏది తీసిన కూలునో తెలిసియుండవలెను.

ఇందున కొక యుదాహరణము చెప్పుదము. నవలలో బాగ్నెట్ అను పాతసైనికుని కుటుంబ మొకటి కలదు. మిక్కిలి ముచ్చటైన కుటుంబము. చదువుచున్నంతసేపు ఆనందము కలుగును. ఐనను కథకు వారు మూలస్తంభములు కారు, తీసివేయవచ్చునని తోచును. కాని జార్జి యను సైనికుడు చెఱసాలలో నుండగా, విడిపోయిన తల్లిని వెదకి తెచ్చునది బాగ్నెట్ భార్యయే. తన గొడుగు పుచ్చుకొని, బూడిదరంగు అంగీ ధరించి, లింకన్‌షైరు వఱకు పోయి ఆ వృద్ధురాలిని వెంటబెట్టుకొని వచ్చును. ఆమెను తీసివేసినచో ఆ తల్లీకొడుకులను కలుపుటకు మఱియొకరిని చూడవలెను. ఒక దారము లాగినచో వస్త్రములో మఱియొకచోట ముడిపడును. జో సంగతియు అట్టిదే. వాడు చిల్లరపాత్రవలె కనబడును. కాని మురికిపేటలో వానికి సోకిన జ్వరము వానినుండి చిన్న దాసియగు చార్లీకిని, చార్లీనుండి ఎస్తేరునకును ప్రాకును. చీపురు పట్టిన బాలునికిని, మంచియింటి యువతికిని సంబంధ మేమియు లేదని తలచు సంఘమునకు డికెన్సు చెప్పిన సమాధానము ఈ వ్యాధియే. బాగ్నెట్ గారిని పోగొట్టుకొనవచ్చును. జోను పోగొట్టుకొన్నచో నవలయే లేదు.

తీసివేయుటతోపాటు చేర్చుటయు కలదు. డేవీస్ తన నాటకమున క్లాంబ్ అను గుమాస్తాను కల్పించి టల్కింగ్‌హార్న్ ప్లీడరు కచేరిలో కూర్చుండబెట్టెను. ఈ క్లాంబ్ నవలలో ఎచ్చటను లేడు. మొదట మాకు కోపము వచ్చినది. ఇన్ని పాత్రలు చాలక ఇంకొకడా? ఆలోచించిన పిమ్మట కారణము బోధపడెను. నవలలో టల్కింగ్‌హార్న్ మాటలాడడు. ఆతని మౌనమే ఆతని భయంకరత్వము. ఆతని మనస్సులో నేమున్నదో గ్రంథకర్తయే మనకు చెప్పును. నాటకమున గ్రంథకర్త లేడు. ఆతని యెత్తులు ప్రేక్షకునకు తెలియవలెనన్న, ఆతడు ఎవరితోనో ఒకరితో ఒకటి రెండు మాట లాడవలెను. లేడీ డెడ్‌లాక్‌తో ఆడరాదు, శత్రువుతో ఆడరాదు, కనుక గుమాస్తా. చార్ల్స్ డాన్స్ అను నటుడు ఈ పాత్రను ధరించి, క్లాంబ్‌తోడను ఎంత తక్కువ మాటలాడవచ్చునో అంత తక్కువగనే మాటలాడెను. మా కోపము తగ్గినది, పూర్తిగా పోలేదు.

కన్ను చేయు పనిని మాత్రము నాటకము గ్రంథముకంటె సులభముగా చేయును. రెండవ ప్రకరణమున ప్లీడరు కొన్ని వ్యాజ్యపు కాగితములను చదువుచుండగా, సమస్తమందు విసుగు చెందియున్న లేడీ డెడ్‌లాక్ అకస్మాత్తుగా ఆ దస్తూరీని చూచి, దీనిని వ్రాసిన వారెవరని యడుగును. వెంటనే ఆమెకు సొమ్మసిలినట్లగును. ప్లీడరు గమనించును. కథయంతయు ఈ యొక్క చూపునుండి పుట్టినది. తెరమీద దీనికి వ్యాఖ్యానము అక్కఱలేదు. కాగితము, ఆమె ముఖము, ఆతని ముఖము, మూడు బొమ్మలు చాలును. జిల్లియన్ ఆండర్సన్ అను నటి ఈ పాత్రలో చాలవఱకు కదలకయే నిలుచుండి, కన్నులతోనే కథ నడిపెను.

ఇక కష్టమైన సంగతికి వచ్చెదము. ‘బ్లీక్ హౌస్’లో కథ చెప్పువారు ఇద్దరు. ఒకరు పేరులేని గ్రంథకర్త, అన్నియు ఎఱిగినవాడు, ఇప్పుడే జరుగుచున్నట్లు వర్తమానకాలములో వ్రాయును, కోపిష్ఠి, ఎగతాళికాడు. రెండవవారు ఎస్తేరు, తనకు తెలిసినంతమట్టుకే, జరిగిపోయినదానిని భూతకాలములో, వినయముతో చెప్పును. ఈ యిద్దరి కంఠములు మారి మారి వినబడుటయే ఈ నవలయొక్క నిర్మాణము. కెమెరా యొక్కటే. అది పేరులేని గ్రంథకర్తవలె ఎల్లెడల తిరుగగలదు గాని, కోపపడలేదు, ఎగతాళి చేయలేదు.

నాటకమువలన ఎస్తేరునకు కొంత లాభము, కొంత నష్టము కలిగినవని మా యభిప్రాయము. గ్రంథమున ఇతరులు తన్ను పొగడిన మాటలను ఆమెయే వ్రాసుకొనవలసివచ్చుటచే, వినయవతియైనను చదువరికి ఒక్కొక్కప్పుడు విసుగు పుట్టును. తెరమీద ఆమెను మనమే బయటినుండి చూతుము; ఆమె మంచితనమును ఆమె చెప్పనక్కఱలేదు. అన్నా మాక్స్‌వెల్ మార్టిన్ నటన మిక్కిలి సహజమైనది. నష్ట మేమనగా: వుడ్‌కోర్టు అను యువ వైద్యుడు ఎస్తేరునకు ఇష్టుడు. ఆమె ఆ సంగతిని దాచును. ఒక ప్రకరణమంతయు వ్రాసి, తుదకు మఱచినట్లు నటించి, విందుకు ఒక నల్లని వైద్యుడు కూడ వచ్చెనని ఒక వాక్యము తగిలించును. మఱచినదానివలె తగిలించుటలోనే ఆమె హృదయమున్నది! చదువరి నవ్వుకొనును. తెరమీద వైద్యుడు గదిలోనికి వచ్చినచో వచ్చినట్లే; అందఱతోపాటు మొదటనే కనబడును.

ఇట్టిదే మఱియొకటి. జ్వరమువలన ఎస్తేరు ముఖము మచ్చలు పడును. ఎంత మచ్చపడినదో డికెన్సు చెప్పడు. గ్రంథము చివర ఆమె రూపమును గూర్చి భర్త యొకమాట యనగా, ఆమె యేదో ఊహింపబోయి వాక్యమును ముగింపకయే వదలివేయును. గ్రంథమంతయు ఆ సగము వాక్యముతోనే సమాప్తమగును. మచ్చలు పోయినవా, ఉన్నవా, ప్రేమగల కన్నులకు కానరాలేదా? చదువరి ఇష్టము. కెమెరా ముందు ముఖము నుంచిన తరువాత ఇష్టమన్న మాట లేదు. వేషము వేయువారు అద్దము ముందు కూర్చుండి, మచ్చ లెన్నియో, ఎంత లోతో నిర్ణయింపవలసినదే.

పూర్వకాలపు నాటకము గనుక కాలనిర్ణయ మను చిక్కు వేఱొకటి యున్నది. నవలలో సంవత్సరము చెప్పబడలేదు. ఐనను లింకన్‌షైరు వైపు రైలుమార్గము ఇంకను పడలేదనియు, వంతెనల పని ఆరంభమైనదనియు ఒకచోట నుండుటచే, కథ గ్రంథరచనకు కొన్నియేండ్లకు పూర్వమున జరిగినదని యూహింపవచ్చును. చదువరికి ఇంత చాలును. దర్జీకి చాలదు. చేతిగుడ్డల కుచ్చులు, టోపీ యంచులు, బండి చక్రములు ఒక్కొక్క పదియేండ్ల కొక తీరుగా మారుచుండెను. ఏదో యొక సంవత్సరమును పట్టుకొని దానికి లోబడవలెను. ఇండ్ల సంగతియు నిట్టిదే. కథలో డెడ్‌లాక్ వారి భవనము లింకన్‌షైరులోనున్నది. తెరమీద చూపినది కెంట్ మండలములోని కోబ్‌హామ్ హాల్. కథలో బ్లీక్ హౌస్ సెయింట్ ఆల్బన్సు దాపున నున్నది. తెరమీది యిల్లు ఎసెక్సులోని ఇంగేట్‌స్టోన్ హాల్. ఇది మోసము కాదు. కథలోని యిండ్లు ఎట్లును ఇటుకలతో కట్టినవి కావు గదా.

మన తెలుగువారు ఈ విషయమున వేఱుత్రోవ త్రొక్కిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డుస్మిత్ రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ను ఒరవడిగా గైకొని 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను ప్రకటింప నారంభించినప్పుడు, ఇంగ్లండును ఇంగ్లండుగా చూపలేదు, కథను ధవళేశ్వరమునకు తెచ్చిరి. దేశమును మార్చి ధర్మమును నిలుపుట పంతులుగారి పద్ధతి. దేశమును, కాలమును, దుస్తులను నిలిపి మాటలను తగ్గించుట టెలివిజను వారి పద్ధతి. ఏది మేలని మమ్ములనడిగినచో, పంతులుగారిది ధైర్యమందుము.

2005 నాటి నాటకమును చూచి పెద్దలు కొందఱు ఆక్షేపించిరి. దృశ్యములు వేగముగా మారుచుండును. మారునప్పుడు కొరడా విసరినట్లు ధ్వని వినబడును. కెమెరా నిలుకడగా నుండక ప్రాత్రల ముఖములమీదికి దూకును. పైగా, కుటుంబకథగా ప్రసిద్ధమైన ‘ఈస్ట్ ఎండర్స్’ ముగిసిన వెంటనే, వారమునకు రెండు మారులు, అరగంట చొప్పున చూపిరి. ఉత్తమ గ్రంథమును బజారు వస్తువుగా చేసిరని ఆక్షేపణ. ఆ ధ్వని మా చెవికిని నచ్చలేదు. కాని రెండవ ఆక్షేపణ నిలువదు. నెలకొక షిల్లింగు సంచిక కొని, రాబోవు సంచికకై వీథిలో మాటలాడుకొన్నవారి కొఱకే డికెన్సు వ్రాసెను. అరగంట చూపి, అసలు చోట ఆపి, రేపు రమ్మనుట ఆయన కొట్టులోని తూనికరాయే. 2005 అక్టోబరు 27న మొదలై డిసెంబరు 16న ముగిసిన ఆ నాటకమునకు మరుసటి యేట బ్రిటిషు అకాడమీవారు ఉత్తమ ధారావాహిక నాటకమని బహుమాన మొసగిరి.

మిగిలినది జో సంగతి. మిషనువారి పాఠశాలలో ఈ సంగతి దాటిపోవుట న్యాయము కాదు. పదునాఱవ ప్రకరణమున జో తన రొట్టెముక్కను తినుటకు ఒక భవనపు గుమ్మముమీద కూర్చుండును. తిని, కూర్చుండనిచ్చినందులకు కృతజ్ఞతగా ఆ మెట్టును తన చీపురుతో ఊడ్చును. అది పరదేశములలో సువార్త ప్రచారము చేయు సంఘమువారి కచేరి. జోకు చదువు రాదు. ఆ యింటిపేరు వానికి తెలియదు. 1701లో స్థాపింపబడిన ఆ సంఘమే పందొమ్మిదవ శతాబ్దమున మన కడప, కర్నూలు మండలములలో, ముత్యాలపాడు, నంద్యాల మొదలగుచోట్ల పనిచేసి, చదువెఱుగని మాల మాదిగ పిల్లలకు అక్షరములు నేర్పినది. అదే సంఘపు గుమ్మముమీద లండను బాలుడు ఆకలితో కూర్చుండెనని డికెన్సు వ్రాసెను. ఈ దెబ్బ న్యాయమైనదా? మేము పలుమారులు ఆలోచించితిమి. మన తాతల కక్షరములు నేర్పినవారిని ఎగతాళి చేసినప్పుడు మనస్సు నొచ్చును. కాని గుమ్మమును, బాలుని మేము కాదనలేము.

జో మరణించు ఘట్టమున వుడ్‌కోర్టు వానికి పరలోకప్రార్థనను మాటమాటగా చెప్పించును. ప్రార్థన ముగియకమునుపే వాని ప్రాణము పోవును. ఇంతవఱకు నటులు చేయగలరు. ఆ వెంటనే గ్రంథకర్త కథను విడిచి, తలయెత్తి, రాణిని, ప్రభువులను, బోధకులను, చదువుచున్న నిన్ను నన్ను ఉద్దేశించి మాటలాడును. ఆ మాటలు ఏ పాత్రవియు కావు. ఎవరి నోట నుంచినను అవి తగ్గిపోవును. కోపము గల ఆ కంఠమును గ్రంథములోనే వినవలెను. ఆ తండ్రిగారు మరల వచ్చినచో మొదట ఈ పుటను చూపుదుమని నిశ్చయించుకొంటిమి.

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి ఆ గుమ్మపు ఘట్టమును తెరనాటకముగా వ్రాయుమని పని యిచ్చితిమి. ఒకడు జోచేత దారిద్ర్యమును గూర్చి రెండు పుటల యుపన్యాస మిప్పించెను. మఱియొకడు వెనుకనుండి గంభీరస్వరముతో వ్యాఖ్యాత మాటలాడునని వ్రాసెను. ఒక బాలిక ఒక్క మాటయు వ్రాయలేదు. ఇత్తడి ఫలకముమీద సంఘపు పేరు కనబడును, దానిక్రింద పిల్లవాడు రొట్టె తినుచుండును, లేచి మెట్టు నూడ్చును, తలుపు తెఱచుకొనును, మెఱుగుపెట్టిన బూట్ల జత యొకటి, ఊడ్చిన మెట్టుమీదుగా, వానిని తాకక దిగిపోవును.

తరగతిలో కలహము పుట్టినది. బూట్లు డికెన్సు వ్రాయలేదనియు, లేనిదానిని చేర్చు హక్కు ఎవరికిని లేదనియు ఆ తండ్రిగారి కుమారుడే గట్టిగా వాదించెను. క్లాంబ్‌ను చేర్చలేదా యని ఆమె బదులు చెప్పెను. గంట మ్రోగినను వారు లేవలేదు. పదునాఱవ ప్రకరణమును తెఱచి, ఇద్దరును వ్రేలు పెట్టి పంక్తి పంక్తి వెదకిరి. బూట్లు లేవు. ఆ బాలిక మాత్రము వానిని కొట్టివేయుటకు ఒప్పుకొనలేదు.